మలినమా, గుణమా?

మా గూడేల్లో శుద్ధి చేయడం కొత్త విద్య కాదు. వానాకాలం వాగు నీళ్లు బురదగా వస్తే మా పెద్దలు చిల్లగింజను కుండ లోపల అరగదీసి నీళ్లు పోసేవాళ్లు. కాసేపటికి మన్ను అడుక్కి దిగి పైన తేట నిలిచేది. శుద్ధి పాఠం చెప్పేటప్పుడు మేము అక్కడే మొదలుపెట్టి ద్రవస్ఫటికాల దాకా వెళ్తాం.

క్యాలిక్యులేటర్ తెర మీద అంకెలు కనిపించేది ఈ పదార్థాల వల్లే. ఇవి ద్రవంలా పారతాయి, కానీ వీటి అణువులు స్ఫటికంలో లాగా ఒక వరుస పాటిస్తాయి. 1888లో ప్రేగ్ నగరంలో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కొలెస్టెరిల్ బెంజోయేట్‌ను వేడిచేశాడు. 145.5 డిగ్రీల దగ్గర అది కరిగి మసక ద్రవమైంది. 178.5 దగ్గర తేటపడింది. ఒకే పదార్థం రెండుసార్లు కరగడమేమిటి? కల్తీ ఉందేమోనని ఎవరికైనా అనుమానం వస్తుంది. శుద్ధమైన పదార్థంతో చూసినా ఆ రెండూ పోలేదు. అయినా అది మలినం పనేనని కొందరు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వాదించారు.

తేల్చుకునే పద్ధతి ఒకటుంది. పదార్థాన్ని వేడి ద్రావణిలో కరిగించి, వడగట్టి, మెల్లగా చల్లార్చాలి. స్ఫటికాలు కడతాయి, మలినం చాలావరకు ద్రావణిలోనే ఉండిపోతుంది. మళ్లీ మళ్లీ ఇలాగే చేసి, ప్రతిసారీ తేటపడే ఉష్ణోగ్రత చూడాలి. మలినం ఉంటే ఆ ఉష్ణోగ్రత తగ్గుతుంది, ఒక్కచోట కాక కొన్ని డిగ్రీల మేర సాగుతుంది. ఎన్నిసార్లు శుద్ధి చేసినా మారకుండా నిలిచిందే ఆ పదార్థం గుణం.

ఈ మాట మాకు రసాయనశాస్త్రంతో ఆగదు. పాత వరంగల్ జిల్లా ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లోని మా కోయ పిల్లలు బడిలో నోరు విప్పితే, అది చెడిపోయిన తెలుగని నవ్వేవాళ్లను మేము చూశాం. కోయ చెడిపోయిన తెలుగు కాదు. గోండికి దగ్గరి చుట్టమైన వేరే ద్రావిడ భాష. పరీక్షించకుండానే మలినమని తీర్పు చెప్పేస్తున్నారు.

ఉపాధ్యాయ మిత్రులారా, పిల్లవాడి మాటను దిద్దేముందు అది తప్పో, అతని భాషో తెలుసుకుందాం. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, వరంగల్‌లో 1959 నాటి ఎన్ఐటీ ఉంది, 1976 నాటి కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. ఆ ప్రయోగశాలల్లోకి మీ భాషతోనే వెళ్లండి. దాన్ని గుమ్మం బయట వదలకండి.