ఆ రెండు నిమిషాలు

"మాత్రలు ఆపేశాం డాక్టరు గారూ. దేవుడి మీద భారం వేశాం."

మూర్ఛ రోగులను చూసే డాక్టరు ఈ మాట వినని వారం ఉండదు. చెప్పేది రోగి కాదు, వెంట వచ్చిన మేనత్తో బావగారో. రోగి తల వంచుకుని కూర్చుని ఉంటుంది. నాకు ఒళ్లు మండుతుంది. దేవుడి మీద భారం వేయండి, ఎవరు వద్దన్నారు? మాత్రలు ఎందుకు ఆపారు?

మూర్ఛ గాలి సోకడం కాదు, పాపానికి శిక్ష అసలే కాదు. మెదడు కణాల మధ్య నడిచే విద్యుత్తు ఉన్నట్టుండి అదుపు తప్పుతుంది, అంతే. ఇదీ అన్ని జబ్బుల్లాంటి జబ్బేనని గ్రీకు వైద్యులు దాదాపు 2,400 ఏళ్ల కిందటే రాసిపెట్టారు. మందులు సరిగ్గా వాడితే నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరు. కానీ ఫిట్స్ రావడం లేదంటే మందు పనిచేస్తోందని అర్థం. జబ్బు పోయిందని మీరు అనుకుంటే ఎలా? కనీసం 2 ఏళ్లు ఫిట్ లేకుండా గడవాలి. ఆ తర్వాత కూడా డాక్టరు చూసి, నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి.

కుట్టుపని చేసుకునే ఒక అమ్మాయికి చాలాకాలంగా ఫిట్స్ లేవు. ఉపవాస ప్రార్థనల దగ్గర ఒక పెద్దమనిషి "విశ్వాసం ఉన్నవాళ్లకు మాత్రలెందుకమ్మా" అన్నారట. ఆపేసింది. తిండి లేదు, రాత్రుళ్లు నిద్ర లేదు, మందు లేదు. తెల్లవారుజామున ఆటోలో తెచ్చారు. స్పృహ రాకముందే ఫిట్ మీద ఫిట్. దారిలో ఎవరో నోట్లో చెంచా కుక్కితే పన్ను విరిగింది. లోరాజెపామ్, లెవిటిరాసిటామ్, ఆక్సిజన్, ఐసీయూ. బతికింది.

తేరుకున్నాక గట్టిగా మందలించాలనే వెళ్లాను.

"మీ మీద నమ్మకం లేక కాదు సార్. మాత్ర వేసుకుంటే దేవుణ్ణి నమ్మనట్టేనన్నారు. ఆయన తప్ప నాకెవరున్నారు?" అంది. కాసేపాగి మళ్లీ తనే చెప్పింది. "ఫిట్ వచ్చినప్పుడు నాకేం తెలీదు. లేచాకే భయం. చుట్టూ జనం. ఎవరు పట్టుకున్నారో, ఒంటిమీద బట్ట ఎలా ఉందో అందరికీ తెలుసు, నాకు తప్ప. ఆ రెండు నిమిషాలు నాకు నేనే ఉండను. అప్పుడు కూడా ఆయనకు నేను తెలుసు. ఆ ధైర్యంతోనే మళ్లీ మిషన్ ముందు కూర్చుంటా."

తిట్టలేకపోయాను. ఆ రెండు నిమిషాలు ఈఈజీలో నాకు గీతలుగా కనిపిస్తాయి. వాటిలోని ఒంటరితనానికి నా దగ్గర మందు లేదు. ఆమె దగ్గర ఉంది. రాత్రీ పగలూ మనిషిని కనిపెట్టుకుని ఉండే దేవుణ్ణి గురించిన 121వ కీర్తన ఆమెకు కంఠతా వచ్చు. నిద్రలో ఫిట్ వస్తుందేమోనని భయపడుతూ పడుకునే పిల్లకు ఆ కీర్తన ఎంత ఆసరానో! దాన్ని తీసేసే హక్కు నాకు లేదు. దాన్ని మాత్రకు పోటీగా నిలబెట్టే హక్కు ఇంకెవరికీ లేదు.

"స్పృహ లేనప్పుడు కూడా నిన్ను ఎరిగినవాడికి, నువ్వు రాత్రి అన్నం తిన్నాక వేసుకునే మాత్ర తెలియదా తల్లీ? ఆయన చూస్తుండగానే వేసుకో" అన్నాను. కొండకు మొక్కుకుని కొడుకు మందు ఆపించిన తండ్రికీ, దర్గాలో తాయెత్తు కట్టించి మాత్రలు పారేసిన తల్లికీ ఇదే చెబుతున్నాను. మొక్కు తీర్చుకోండి. తాయెత్తు ఉంచుకోండి. ఉపవాసం ఉండాలనుకుంటే ముందు నన్నడగండి. మాత్ర మాత్రం ఒక్క పూట కూడా తప్పొద్దు.

ఆ పెద్దమనిషిని కూడా పిలిపించాను. వచ్చారు, పాపం, ముఖం వాడిపోయి. వాదన పెట్టుకోలేదు. మళ్లీ ప్రార్థనలో ఎవరైనా పడిపోతే ఏం చేయాలో నేర్పాను. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళాలు పెట్టొద్దు. గడియారం చూడండి, 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. బట్టలు సర్దండి, జనాన్ని పంపేయండి. స్పృహ వచ్చేదాకా మీరు కదలొద్దు.