హిల్డా పాములు, అమ్మ సాలగ్రామం

నా చిన్నతనమంతా విట్బీలో గడిచింది. ఇంగ్లండులోని యార్క్‌షైర్ తీరాన, ఎస్క్ నది ఉత్తర సముద్రంలో కలిసేచోట ఉంటుందా ఊరు. తూర్పు కొండమీద పాడుబడ్డ మఠం, దాని దగ్గరికి 199 రాతిమెట్లు, కింద చేపల పడవలు. నావికుడు జేమ్స్ కుక్ ఓడపని నేర్చుకున్నదీ, ఆయన ప్రయాణించిన ఎండెవర్ ఓడ తయారైందీ అక్కడే. డాక్టరు ఉద్యోగం మీద నాన్న తెనాలి నుంచి ఆ ఊరు చేరారు. ఆదివారం కొట్లన్నీ మూసేసేవారు. పిల్లలం సముద్రం దగ్గరే పొద్దుపుచ్చేవాళ్ళం.

రాళ్ళు ఏరడం నేర్పింది పక్కింటి పెద్దావిడ. "ముందు పోటు ఎన్నింటికో చూసుకో. రాళ్ళ సంగతి తర్వాత" అనేవారు. పోటు వస్తే నీళ్ళు కొండపాదాన్ని తాకుతాయి, తిరిగొచ్చే దారే ఉండదు. చరియలు విరిగిపడుతుంటాయని కొండ దరికి పోనిచ్చేవారు కాదు. ఇసుకలో పడి ఉన్నవే మావి.

అలా దొరికేవే చుట్టచుట్టుకున్న రాళ్ళు, అమ్మొనైట్లు. 657లో మఠం స్థాపించిన హిల్డా అనే సన్యాసిని అక్కడి పాములన్నిటినీ శిలలుగా మార్చిందని ఊరి కథ. మరి తలలేవి? ఆ లోటు తీర్చడానికి పూర్వం వ్యాపారులు తలలు చెక్కి అమ్మేవారట. నిజానికవి సుమారు 18 కోట్ల ఏళ్ళ కిందటి సముద్రజీవులు, ఆక్టోపస్‌కు దూరపు చుట్టాలు. వాటిలో ఒక రకానికి శాస్త్రవేత్తలు హిల్డా పేరిటే హిల్డోసెరస్ అని పేరు పెట్టారు.

ఒకరోజు నేను తెచ్చిన రాయిని నాన్న, అమ్మ పూజించే సాలగ్రామం పక్కన పట్టి చూపించారు. రెంటిలోనూ అవే చుట్లు. "ఇదీ అమ్మొనైటే. హిమాలయాలున్న చోట ఒకప్పుడు సముద్రం ఉండేది. అందుకే గండకీ నదిలో ఇవి దొరుకుతాయి" అన్నారు. అమ్మ నా రాయిని దేవుడి దగ్గర పెట్టనివ్వలేదు. "గండకిది కాదు కదమ్మా. అలాగని బయట పారెయ్యకు" అని కిటికీలో పెట్టింది.

ఆ మాట వెనకున్న గౌరవం నన్ను పట్టుకుంది. హిల్డా కథ చెప్పిన పెద్దావిడకు ఆ రాయి వయసూ తెలుసు. దాని వయసు తెలిసిన నాన్న సాలగ్రామానికి దణ్ణం పెట్టడం మానలేదు. ఒకటి నమ్మాలంటే ఇంకొకటి వదులుకోవాలని ఆ ఇద్దరిలో ఎవరూ నాకు చెప్పలేదు. ఊరి విషయంలోనూ అంతేననిపించింది. మీది ఏ ఊరని బళ్ళో అడిగితే అంతకుముందు బెరుకుగా ఉండేది. తర్వాత తెనాలి, విట్బీ అని రెండూ చెప్పేదాన్ని.

విట్బీ పట్టణ చిహ్నంలో మూడు చుట్టల పాములుంటాయి. అటు వెళ్ళే తెలుగువాళ్ళు పానెట్ పార్కు మ్యూజియంలో తలలు చెక్కిన ఆ రాళ్ళను పిల్లలకు చూపించండి. హిల్డా కథా చెప్పండి, సాలగ్రామం సంగతీ చెప్పండి. ఇసుకలోకి దిగేముందు మాత్రం పోటు వేళ తప్పక కనుక్కోండి.