కూలి ఎవరికి దక్కాలి?

వేసవి వస్తే అమెరికా చర్చిల యువజన బృందాలు హోండురాస్‌కో, మెక్సికోకో సేవాయాత్రకు బయల్దేరతాయి. ఇళ్లు కట్టి, బడి గోడలకు రంగులేసి, పిల్లలతో ఆడిపాడి, వారం పది రోజుల్లో తిరిగొస్తాయి. ఆ యువతీయువకుల ప్రేమను నేను శంకించను. పదహారేళ్ల అమ్మాయి సెలవులు వదులుకుని ఎరగని ఊళ్లో ఇటుకలు మోయడం చిన్న సంగతి కాదు.

కానీ ఒక లెక్క నన్ను వదలదు. 1998లో మిచ్ తుఫాను హోండురాస్‌ను ముంచేశాక అక్కడికి వెళ్లిన బృందాల సేవను కర్ట్ వెర్ బీక్ అనే సామాజిక శాస్త్రవేత్త పరిశీలించారు. ప్రయాణంతో కలిపి ఒక్కో బృందానికి సుమారు 30,000 డాలర్లు ఖర్చయ్యేవి. వాళ్లు కట్టిన ఇంటిని స్థానిక సంస్థ 2,000 డాలర్లకే కట్టగలిగేది. పనిచేసే చేతులకు అక్కడ కొదవ లేదు; లేనిదల్లా వాటికి పనే.

ఇలాంటప్పుడు నాకు మన ఒంగోలు గుర్తొస్తుంది. 1866లో అక్కడ స్థిరపడ్డ అమెరికన్ మిషనరీ క్లౌ దొర తెలుగు నేర్చుకుని దశాబ్దాలు మన మధ్యే ఉన్నారు. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో అల్లాడుతున్నవాళ్లకు పని చూపించారు. చేసిన పనికి కూలి తీసుకున్న మనిషి ఎవరి ముందూ తల వంచక్కర్లేదు. సేవలో నేను అన్నిటికన్నా విలువిచ్చేది ఆ ఆత్మగౌరవానికే.

వెళ్లొద్దని అనను. ఎదురుగా కూర్చుని కలిసి తిన్న అన్నం, కలిసి చేసిన ప్రార్థన డబ్బుతో రావు. యువజన పెద్దలారా, టికెట్లు కొనే ముందు ఏం కావాలో అక్కడి సంఘాన్ని అడగండి. కూలి ఆ ఊరి మేస్త్రీకే ఇవ్వండి, మీ పిల్లల్ని ఆయన దగ్గర పని నేర్చుకోనివ్వండి.