దీపం పెడితే ఓడ పెద్దదవుతుంది

అడుగు పొడవు కూడా లేని ప్లాస్టిక్ ఓడ మూడొందల మీటర్ల ఓడలా కనిపించాలంటే ఏం చేయాలో ఇప్పుడు నాకు తెలుసు. కిటికీల్లో దీపాలు పెట్టాలి. ఆ దీపాలు మసగ్గా ఉండాలి. కొన్ని కిటికీల్ని చీకట్లోనే వదిలేయాలి. అంతే! ఇంత చిన్న ఉపాయానికి మన కళ్లు ఇంత హాయిగా లొంగిపోతాయని ఇన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదు. తెలిసిన దగ్గర్నుంచి కనిపించిన ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను. మీక్కూడా చెప్పాలి.

హైదరాబాద్ నేరేడ్‌మెట్‌లో ఉండేవాళ్లకి మిలిటరీలో రిటైరైనవాళ్లు కొత్త కాదు. ఇటు వినాయక్‌నగర్ నుంచి అటు సైనిక్‌పురి దాకా ఏ వీధిలో చూసినా ఇద్దరు ముగ్గురుంటారు. మా వీధి చివర మేడ మీద ఉండే పెద్దాయన ఎయిర్‌ఫోర్స్‌లో రాడార్ల మీద పనిచేసి వచ్చారు. మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టుకి మల్టీమీటర్ కావాలంటే అడుగుదామని వెళ్లాను. ఆయన బల్ల మీద స్టార్ ట్రెక్ సీరియల్లోని ఎంటర్‌ప్రైజ్ ఓడ ఉంది. గుండ్రటి ముందు భాగం, వెనక రెండు పొడవాటి ఇంజన్లు, బూడిద రంగు. బాగుంది, కానీ బొమ్మే. "మీరు చేశారా సార్?" అన్నాను మర్యాదకి.

"ముందు ఆ ట్యూబ్‌లైటాపండమ్మా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు.

ఆపాను. ఆయన స్విచ్ నొక్కారు.

ఆ ఓడ అంచంతా చుక్కలు చుక్కలుగా కిటికీలు వెలిగాయి. కొన్ని పసుప్పచ్చగా, కొన్ని తెల్లగా. కుడివైపు ఆకుపచ్చ దీపం, ఎడమవైపు ఎర్ర దీపం, పైన ఒక తెల్లటిది ఆగి ఆగి వెలుగుతోంది. ఇంజన్ల ముందు కొసల్లో నారింజ రంగు వెలుతురు మెల్లగా తిరుగుతోంది. బల్ల కనపడలేదు, గది కనపడలేదు. ఎంతో దూరాన, చాలా పెద్దది ఏదో నిశ్చింతగా వెళ్తున్నట్టుంది. మధ్యమధ్య చీకటి కిటికీలెందుకున్నాయని అడిగాను. "అందరూ ఒకేసారి మేలుకొని ఉంటారా అమ్మా? డ్యూటీ దిగినవాళ్లు పడుకోరూ?" అన్నారు. నాకు ఒళ్లు జలదరించింది. ఆ చీకటి కిటికీ వెనక ఎవరో దుప్పటి కప్పుకొని పడుకొని ఉన్నారని అప్పుడే నమ్మేశాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

లెక్కలు చూశాక ఆశ్చర్యం ఇంకా పెరిగింది. కథ ప్రకారం ఎంటర్‌ప్రైజ్ పొడవు 289 మీటర్లు. వెయ్యో వంతు స్కేల్లో అది 29 సెంటీమీటర్లు. ఆ స్కేల్లో మనిషి రెండు మిల్లీమీటర్లు కూడా ఉండడు. అర మిల్లీమీటరు రంధ్రం వేస్తే అది ఓడలో అర మీటరు కిటికీ. పావు మిల్లీమీటరు వేస్తే పావు మీటరు. అంత సన్నటి రంధ్రంలో ఏ బల్బు పడుతుంది? ఏదీ పట్టదు. అక్కడికి వెలుతురును తీసుకెళ్లేది ఆప్టికల్ ఫైబర్. ఇంటర్నెట్ కోసం వీధుల్లో వేసే గాజు ఫైబర్ కాదిది, ప్లాస్టిక్‌ది. పావు మిల్లీమీటరు నుంచి పైకి రకరకాల మందాల్లో దొరుకుతుంది. పిన్ వైజ్ అనే చిన్న చేతి డ్రిల్లుతో, వేళ్ల మధ్య తిప్పుతూ, ఒక్కో కిటికీకి ఒక్కో రంధ్రం వేయాలి. లోపలి నుంచి ఫైబర్ దూర్చి, తోకలన్నీ కట్టగా చేర్చి ఒక ఎల్ఈడీ ముందు పెట్టాలి. బయట మిగిలిన కొసల్ని గోడకి సమంగా కోయాలి. ఒక్క ఎల్ఈడీతో ముప్పై గదుల్లో దీపాలు!

జిగురు సంగతి వింటే మీకూ ముచ్చటేస్తుంది. ఫెవిక్విక్ లాంటిది వాడితే దాని ఆవిరికి పారదర్శకమైన ప్లాస్టిక్ తెల్లగా మంచుపట్టినట్టవుతుంది, ఫైబర్ పెళుసెక్కి విరుగుతుంది. ఫైబర్‌కీ అద్దాలకీ మన ఫెవికాలే మేలు. ఆరాక మరక కూడా కనిపించదు. అంతరిక్ష నౌక కిటికీలకి ఫెవికాల్!

ఈ పనిలో సగం కష్టం వెలుతురు తేవడంలో లేదు, ఆపడంలో ఉంది. కిట్లలో వచ్చే పాలిస్టైరిన్ ప్లాస్టిక్ పలచన. లోపల ఎల్ఈడీ పెట్టి వెలిగిస్తే ఓడంతా బెడ్‌రూమ్ లాంప్ షేడ్‌లా మెరుస్తుంది. అలా మెరిసిందంటే మాయ అంతా పోయినట్టే, ఎందుకంటే ఇనుప గోడల్లోంచి వెలుతురు రాదు. అందుకని అతికించడానికి ముందే లోపలివైపు నల్ల పెయింటు రెండు కోట్లు వేస్తారు. దాని మీద తెలుపు. నలుపు బయటికి పోనివ్వదు, తెలుపు లోపల పరుస్తుంది. అతుకుల దగ్గర ఇంకా కారుతుంటే అల్యూమినియం ఫాయిల్ టేపు. ఎవరికీ కనపడని లోపలి గోడకి ఇంత శ్రద్ధగా రంగు వేసే పని నేనింకెక్కడా చూడలేదు.

ఇక కరెంటు. తెల్ల ఎల్ఈడీకి సుమారు 3 వోల్టులు చాలు. 9 వోల్టుల బ్యాటరీకి నేరుగా కలిపితే కాలిపోతుంది కాబట్టి మధ్యలో రెసిస్టర్ పెట్టాలి. మిగిలిన 6 వోల్టుల్ని 20 మిల్లీయాంపులతో భాగిస్తే 300 ఓములు, బజార్లో దొరికేది 330. పుస్తకం లెక్క అది. సార్ మాత్రం 2.2 కిలో ఓములు పెట్టారు. అంటే మూడు మిల్లీయాంపులైనా పారదు. ఎందుకు సార్ అంత పిసినారితనం అంటే, "ఎక్కువ వెలిగితే చిన్నదైపోతుందమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటలో ఈ విద్యంతా ఉంది. భగ్గుమనే దీపం ఎంత దగ్గరుందో కన్ను ఇట్టే పసిగడుతుంది. మసక దీపం దూరాన ఉన్నట్టుంటుంది. దూరాన ఉండీ ఇంత కనిపిస్తోందంటే ఎంత పెద్దదై ఉండాలో అని మనసు తనంతట తనే లెక్క కట్టుకుంటుంది.

ఆగి ఆగి వెలిగే దీపం వెనక ఉన్నది 555 అనే టైమర్ ఐసీ. హాన్స్ కామెన్‌జిండ్ రూపొందించిన ఈ ఎనిమిది కాళ్ల ముక్క 1972లో మార్కెట్లోకి వచ్చింది, నేటికీ నడుస్తోంది. 10 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి, 68 కిలో ఓములది ఒకటి, 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి కలిపితే దాదాపు సెకనుకోసారి వెలిగి ఆరుతుంది. గబగబా మిణుకుమంటే బొమ్మ, నిదానంగా వెలిగితే ఓడ. ఎల్ఈడీల తీగలకి మోటారు వైండింగ్ వైరు వాడతారు. ఎనామిల్ పూత ఉంటుంది గనక ఒకదానికొకటి తగిలినా ఫరవాలేదు, ఓడ మెడలాంటి ఇరుకు చోట్ల నాలుగైదు సులువుగా పడతాయి.

ఈ చుట్టుపక్కల ఇలాంటి పని తెలిసిన చేతులకి కొదవ లేదు. నేరేడ్‌మెట్‌కి దగ్గర్లోనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఉంది. 1967లో మొదలైన ఆ సంస్థే 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారుచేసింది. చంద్రయాన్-1తో మాట్లాడటానికి బెంగళూరు దగ్గర బ్యాలాలులో నిలబెట్టిన 32 మీటర్ల యాంటెన్నా కట్టిందీ వాళ్లే. ఒక తరం మొత్తం సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని బతికిన ప్రాంతం మాది. ఇక్కడ మేడ మీద గదిలో ఒక అంతరిక్ష నౌక వెలగడంలో వింతేముంది అనిపిస్తుంది ఇప్పుడు.

టీవీలో చూపించిన అసలు ఎంటర్‌ప్రైజ్ కూడా మోడలే. 11 అడుగులుంటుంది, చెక్కా ప్లాస్టిక్కూ కలిపి చేశారు. 1964లో మొదట తయారైనప్పుడు దానికి దీపాల్లేవు, తర్వాత పెట్టారు. వైర్లన్నీ ఎడమవైపు నుంచి లోపలికి పోతాయి కాబట్టి కెమెరా ఎప్పుడూ కుడివైపే ఉండేది. ప్రపంచమంతా నమ్మిన ఓడకి ఒక పక్క మాత్రమే ముస్తాబు! వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్లు దాన్ని బాగుచేసి, 2016లో నిజం విమానాల సరసన నిలబెట్టారు. లోపలి పాత బల్బుల చోట ఇప్పుడు ఎల్ఈడీలున్నాయి.

దీనికన్నా నన్ను కట్టిపడేసింది 'క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ద థర్డ్ కైండ్' సినిమా సంగతి. 1977లో వచ్చిన ఆ సినిమాకి కొంత షూటింగ్ బొంబాయి వైపు జరిగింది. అక్కడ రాత్రిపూట దీపాలతో వెలుగుతున్న ఆయిల్ రిఫైనరీని చూసి, గ్రహాంతరవాసుల ఓడ ఇలా ఉండాలి అనుకున్నాడట దర్శకుడు స్పీల్‌బర్గ్. గ్రెగ్ జీన్ బృందం ఆ ఓడని మోడల్‌గా కట్టింది. దాని మీద ఒక మూల బుల్లి పోస్టు డబ్బా, ఇంకో మూల స్టార్ వార్స్‌లోని ఆర్2-డీ2 దాచిపెట్టారు. విశాఖలో రాత్రి రిఫైనరీ దీపాలు చూసినవాళ్లకి ఆ ఓడ ఎందుకంత పెద్దదిగా అనిపించిందో విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇలాంటి దీపాల మాయ మన దగ్గరా ఉంది. ఉండటమేమిటి, ఇరవై ఏళ్లు ముందే ఉంది! 'మాయాబజార్'లో వెన్నెల్లో మెరిసే ద్వారక గుర్తుందా? అది కట్టిన నగరం కాదు, మినియేచర్. మద్రాసు విజయా వాహినీ స్టూడియోలో 50 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు స్థలంలో మూడొందల దాకా బుల్లి ఇళ్లు కట్టారు. కళాదర్శకులు గోఖలే, కళాధర్. ఒక్కో ఇంటికీ విడివిడిగా కరెంటు దీపాలు అమర్చారు. కె.వి.రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్ట్‌లీ కెమెరా. 1957 మార్చి 27న జనం చూసింది ఆ ద్వారకనే. ఒకే పెద్ద లైటు వేసి పని కానిచ్చేయొచ్చు కదా? వేస్తే అన్ని ఇళ్లూ ఒకేలా వెలిగేవి, ద్వారక కాస్తా బల్ల మీది బొమ్మైపోయేది. విడివిడిగా వెలిగింది కాబట్టి ప్రతి ఇంట్లోనూ ఎవరో ఉన్నారు. సార్ ఓడలో చీకటి కిటికీ చేసిన పనే ఇదీ. ప్రియదర్శిని పెట్టె తెరిచి శశిరేఖ దూరాన ఉన్న అభిమన్యుణ్ణి చూసే సినిమాని సైన్స్ ఫిక్షన్ అనడానికి నాకేమీ మొహమాటం లేదు.

నేనూ ఒకటి చేస్తానంటే సార్ నన్ను స్టార్ వార్స్‌లోని మిలీనియం ఫాల్కన్ ఓడతో మొదలుపెట్టమన్నారు. బండాయ్ కంపెనీ చేసిన 1/144 స్కేలు కిట్, 24 సెంటీమీటర్లుంటుంది. భాగాలు ఒకదాంట్లో ఒకటి బిగుసుకుంటాయి, జిగురుతో పనిలేదు. ఓడ ఒంటినిండా పైపులూ మూతలూ చూసి ఇవన్నీ ఏమిటని అడిగితే ఇంకో అద్భుతం బయటపడింది. 1977 స్టార్ వార్స్‌కి ఓడలు చేసినవాళ్లు బజార్లో అమ్మే యుద్ధట్యాంకుల, రేసుకార్ల కిట్లు కొనుక్కొచ్చి, ఆ ముక్కల్నే ఓడ మీద అతికించారు. మనకి తెలిసిన ఆకారాలే తెలియని చోట కనిపించేసరికి కన్ను అక్కడే తచ్చాడుతుంది. ఫాల్కన్ వెనక ఇంజన్ మొత్తం వంపు తిరిగిన ఒకే వెలుతురు పట్టీ. లోపల ఎల్ఈడీలు చుక్కలు చుక్కలుగా తెలియకుండా బటర్ పేపర్ అడ్డం పెట్టాను. మొదటిసారి అది నీలం కలిసిన తెలుపులో ఒకే ధారగా వెలిగినప్పుడు నా నోటి నుంచి మాట రాలేదు. మా అబ్బాయి "అమ్మా, ఇది ఎగురుతోంది" అన్నాడు.

ఇప్పుడు సాయంత్రం సఫిల్‌గూడ చెరువు కట్ట మీద నడుస్తుంటే నా చూపంతా అవతలి ఫ్లాట్ల మీదే. ఏ రెండు కిటికీల వెలుతురూ ఒక్కలా ఉండదు. ఒకచోట ట్యూబ్‌లైటు తెలుపు, పక్కన పూజగది బల్బు ఎరుపు, పైన టీవీ నీలం అటూ ఇటూ కదులుతూ. ఇన్నాళ్లూ ఇదంతా నా ముందే వెలుగుతోంది! చీకటివి ఒక వరసలో ఉండవు, రెండు ఇక్కడ, ఒకటి ఎక్కడో. వాటిని నోటు పుస్తకంలో గడులు గీసి గుర్తుపెట్టుకుంటున్నాను.

ఎందుకంటే నేను ద్వారక కట్టబోతున్నాను. మూడొందల ఇళ్లు కాదు, మూడడుగుల బల్ల మీద ముప్పై. సినిమా నలుపు తెలుపుల్లో తీశారు గనక దీపాల రంగు నేనే తేల్చుకోవాలి. నూనె దీపాల కాలం కాబట్టి మామూలు తెల్ల ఎల్ఈడీలు పనికిరావు. వార్మ్ వైట్ మీద నారింజ రంగు పారదర్శక పెయింటు ఒక పొర వేస్తే సరిపోతుందని సార్ అంచనా. ఈ శనివారం సుల్తాన్ బజార్ మెట్రో స్టేషన్లో దిగి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తున్నాం, జాబితా సిద్ధంగా ఉంది. శశిరేఖ మేడలో దీపం మాత్రం రెపరెపలాడాలి. ఒక 555 పెడితే తాళం వేసినట్టు ఒకే లయలో వెలిగి ఆరుతుందట. అందుకని రెండు కొని, వేర్వేరు వేగాల్లో నడిచేలా అమర్చి కలపమన్నారు.