కొజుమెల్ జలగర్భమున

గాల్వెస్టన్ రేవున బయలుదేరిన మా ఓడ మెక్సికో దేశపు కొజుమెల్ ద్వీపమున నిలిచిన కొద్ది గంటల వ్యవధిలో, 1943లో కుస్తో, గాన్యాన్ అను ఇరువురు ఫ్రెంచివారు రూపొందించిన పద్ధతి ననుసరించు శ్వాసయంత్రమును ధరించి, ఈతకొలను తప్ప వేరొక లోతు నెరుగని నేను సముద్రమున మునిగితిని.

శిక్షకుడు చెప్పిన నియమములలో ప్రధానమైనది ఊపిరి ఎన్నడును బిగబట్టరాదనుట. పది మీటర్ల లోతున పీడనము ఉపరితలమున నున్నదానికి రెట్టింపగును గావున, శ్వాస నిలిపి పైకి వచ్చినచో లోని గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిట్లు ప్రమాదము కలదు. చెవులలో పోటు పుట్టినపుడెల్ల ముక్కు మూసి మెల్లగా గాలి ఊదుచు దిగితిమి.

నీటిలో ఎరుపు వన్నె మొట్టమొదట మాయమగునని చదివియుంటిని గాని, నా ఉంగరపు కెంపు కన్నుల యెదుటనే నల్లబడుట చూచినపుడు కలిగిన విస్మయము వేరు. చేతి దూరమున ఒక చిలుకచేప పగడపు బండను కొరుకుచుండగా ఆ పటపట శబ్దము స్పష్టముగా వినవచ్చినది. అది మ్రింగిన సున్నపురాయియే పిండియై, పగడపు దీవుల తెల్లని ఇసుకలో ఒక భాగమగుచున్నది!

1996లో జాతీయోద్యానమైన ఆ జలములలో పగడమును తాకరాదు, చేతొడుగులైనను ధరింపరాదు. సముద్రము వేడెక్కి పగడములు వెలవెలబోవుచున్న ఈ కాలమున ఆ కట్టడి మిక్కిలి న్యాయమని నా దృఢవిశ్వాసము. మిత్రులారా, ఆ రేవున దిగినచో బజారు మానియైనను ఒక్కమారు మునిగి రండు.