ఫిడేలుతో సైకిలు ప్రయాణము

గృహిణులకు వ్యాసంగ మొకటి యుండవలెనని పత్రికలన్నియు వ్రాయుచునే యున్నవి. సంగీతము, చిత్రలేఖనము, బొమ్మలు చేయుట, ఛాయాచిత్రములు తీయుట, వీనిలో నేదైన నొకటి చేపట్టుడని పెద్దలును చెప్పుచున్నారు. కాని ఆ వ్యాసంగమునకు వలయు పరికరమును ఇంటినుండి గురువుగారి యింటికి చేర్చుట యెట్లో చెప్పువారు అరుదు. చూడ నిది స్వల్పవిషయమే. అయినను పెక్కు ఇండ్లలో వీణ గోడమూలకును, ఫిడేలు అటకమీదికిని చేరుటకు ఇదియే మొదటి కారణమని మేము చూచుచున్నాము. భర్తకు తీరిక కలిగిన దినమున పాఠము. ఆటో దొరకిన దినమున పాఠము. తక్కిన దినములలో లేదు. ఇట్లు వారమునకు రెండు పాఠములు ఒకటియై, ఆ యొకటి నెలకొకటియై, తుద కా పెట్టెపై దుప్పట్లు పేర్చబడును. తన పరికరమును తన సైకిలుమీద తానే తీసికొనిపోగల స్త్రీకి ఈ గతి పట్టదు. కావున నీ మారు ఈ విషయమును గూర్చి సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

మేము నివసించు ఏ.ఎస్. రావు నగరము సికింద్రాబాదునకు ఈశాన్యమున నున్నది. డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారి పేర వెలసిన పేట యిది. అణుశక్తిశాఖ క్రింద 1967లో ఏర్పడిన ఈ.సీ.ఐ.యల్. సంస్థను తీర్చిదిద్దిన ఆ మహాశయునికి 1972లో పద్మభూషణ బిరుదము లభించినది. ఆ సంస్థవారు టి.డి.సి. 12 అను కంప్యూటరును నిర్మించిరి. అటుపిమ్మట టెలివిజనులను ఇల్లిల్లు చేర్చిరి. చేయి తగిలిన చెడు సున్నితపు యంత్రములతో పుట్టిపెరిగిన ఈ పేటలో, ఒక ఫిడేలును క్షేమముగా చేర్చుట అసాధ్యమని మేము నమ్మజాలము.

అయితే మా త్రోవలు మెత్తనివి కావు. ఈ.సీ.ఐ.యల్. చౌరస్తాలో సాయంకాలమున బస్సులు, ఆటోలు, బండ్లు ఒకదానినొకటి రాచుకొనుచు పోవుచుండును. కాలనీ వీధులలో నడుగడుగున స్పీడుబ్రేకరులు; వాన కురిసిన మరునాడు గతుకులు. 2023లో నగరమునకు పడమట, బాహ్యవలయ రహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలుబాటను పైన సౌరఫలకముల కప్పుతో నిర్మించిరి. అది మెచ్చదగినదే కాని మనకు దూరము. మన గతుకులను మనమే దాటవలసియున్నది.

మా పొరుగింటి కోడలు పెండ్లికి పూర్వము ఎనిమిదేండ్లు ఫిడేలు నేర్చినది. బిడ్డలు బడికి పోనారంభించిన పిదప మరల సాధన చేయదలచి, సైనికపురి వైపుననున్న గురువుగారి యొద్దకు సైకిలుపై పోవుదునన్నది. అత్తగారు గుండెలు బాదుకొనిరి.

“అమ్మాయీ, అంత ఖరీదు వస్తువును సైకిలుమీద పెట్టుకొని పోయెదవా? గతుకులో పడి విరిగిన నేమి గతి?”

“అత్తయ్యగారూ, మీ పుట్టింటినుండి ఆవకాయ జాడీ లెట్లు తెచ్చుకొంటిరి? ఎడ్లబండిలోనే గదా! ఒక్కటైన పగిలినదా?”

ఆమె క్షణమాలోచించి, “పగులనిత్తునా? క్రింద వరిగడ్డి పరచి, జాడీకి జాడీకి నడుమ పాతచీరలు కుక్కి, కదలకుండ కట్టితిని,” అనిరి. కోడలి పెట్టెలో పాతచీర ముక్కలు కుక్కినది పిదప ఆ యత్తగారే!

సోదరీమణులారా, ఈ విద్య మనకు క్రొత్తది కాదు. గ్రుడ్లను తవుటిలో దాచినవారము మనమే. మామిడిపండ్లను గడ్డిలో పేర్చినవారము మనమే. నీళ్లకుండ క్రింద చుట్టకుదురు నుంచినవారము మనమే. గాజులవారు గాజులను మలారముగా కూర్చి ఊరూర త్రిప్పుచు నొక్కటియు చిట్లకుండ అమ్మెడివారు. వీనియన్నిటిలోని సూత్రమొక్కటే. వస్తువు పైదెబ్బకంటె లోపలి కదలికచే నెక్కువగా పగులును. పెట్టె ఎంత గట్టిదైనను లోపలి వస్తువు అటునిటు తగులుచుండిన ప్రయోజనము లేదు. కావున పెట్టెను మూసి, రెండుచేతులతో మెల్లగా నూపి చూడవలెను. లోపల నేమాత్రము చప్పుడైనను మరల విప్పి, ఖాళీ యున్నచోట మెత్తని నూలుగుడ్డ నుంచవలయును. అదుముట వద్దు, కదలకున్న చాలును.

ఇక ఫిడేలు సంగతి. దాని పైపలక దళసరి సుమారు మూడు మిల్లీమీటర్లు మాత్రమే. తంత్రులను మోయు బ్రిడ్జిగాని, కడుపులో నిలువుగా నుండు సౌండుపోస్టను చిన్న కొయ్యగాని జిగురుతో నంటింపబడినవి కావు. తంత్రుల బిగువుచేతనే నిలిచియుండును. ప్రయాణమునకు ముందు తంత్రులన్నిటిని పూర్తిగా వదులుచేయుట మేలని కొందరు తలంతురు. అట్లు చేసిన బ్రిడ్జి ఒరగును, లోపలి కొయ్య పడిపోవును. శ్రుతిని కొలదిగా తగ్గించిన చాలును. కమాను వెండ్రుకలను మాత్రము తప్పక వదులుచేసి, కమానును మూతలోని బిగింపున నిలుపవలెను. రోజనపు బిళ్లను గుడ్డసంచిలో వేరుగా నుంచవలెను. లేకున్న నది దొర్లి వార్నీషును గీయును. గుడ్డసంచితో సరిపెట్టక, గట్టి పెట్టెను కొనుడు. ఒక చీర తగ్గించుకొన్నను తప్పులేదు.

పెట్టెను సైకిలుమీద నెక్కడ నుంచవలెను? వెనుక క్యారియరుపై కట్టుట అందరకు తోచు నుపాయము. సున్నితవస్తువునకు అదియే చెడ్డచోటు. క్యారియరు వెనుకచక్రముమీదనే యుండుటచే గతుకు దెబ్బ యంతయు తిన్నగా పెట్టెకు తగులును. హేండిలుకు వ్రేలాడగట్టిన అది యూగి చక్రమున చిక్కవచ్చును, త్రిప్పుటయు కష్టము. వీపున, రెండు భుజములకును పట్టీలు వేసికొని మోయుటయే ఉత్తమము. మన మోకాళ్లు, నడుము, మోచేతులు గతుకును తాము మ్రింగి, పెట్టెకు కొంత మాత్రమే పోనిచ్చును. పెట్టె కొన తలకంటె మిక్కిలి పైకి రాకుండ పట్టీలు సరిచేసికొనవలెను. లేనిచో చెట్టుకొమ్మలు తగులును. గతుకు కనబడగనే వేగము తగ్గించి, సీటునుండి కొంచెము లేచి, మోకాళ్లు వంచి దాటవలెను.

పింగాణీ రంగుపళ్లెములు, గాజుపలకపై వ్రాసిన చిత్రములు మున్నగు చిన్నవస్తువులు ముందుబుట్టలో పోవచ్చును. బుట్ట యడుగున మడతపెట్టిన బొంత నుంచి, గాజుపలకలను పడుకోబెట్టక నిలువుగా, నడుమ అట్టలతో కట్టి, బుట్ట కంచుకు బిగింపవలెను. కొండపల్లి బొమ్మలు తేలికైన పొణికి కొయ్యతో చేసినవి. చేతులు, కొమ్ములు వేరుగా నతికినవి. పేరంటమునకో బొమ్మల కొలువునకో తీసికొనిపోవునప్పుడు ముందుగా ఆ యతుకుల చుట్టు దూది చుట్టి, ఒక్కొక్క బొమ్మను వేరువేరు డబ్బాలో నుంచుట మంచిది.

చక్రములోని గాలియు నొక రక్షణయే. డన్లపు అను పశువైద్యుడు బెల్ఫాస్టు నగరమున తన చిన్నకుమారుని మూడుచక్రముల బండి రాతివీధులలో అదరుట చూచి, గాలి నింపిన రబ్బరు చక్రమును కల్పించి, 1888లో పేటెంటు పొందెను. బిడ్డకు నొప్పి కలుగకుండుటకు పుట్టిన ఆ గాలిమెత్తయే నేడు మన ఫిడేలును గూడ కాపాడుచున్నది. టైరు ప్రక్కను ముద్రించిన హద్దులలో, మిక్కిలి గట్టిగా గాక, కొంచెము తక్కువగా గాలియుంచిన ఆదురు తగ్గును. హద్దునకు దిగువగా దింపిన ట్యూబు నలిగి తూటుపడును.

ఎండ గతుకుకంటె గొప్ప శత్రువు. ఫిడేలు పలకల నతికిన సరేసు వేడికిని చెమ్మకును మెత్తబడును. వీణమెట్లు మైనపు మిశ్రమముపై నిలిచియుండునవి గనుక ఎండకు జారును. వేసవిలో ప్రొద్దుననే బయలుదేరుడు. దారిలో కూరలకు దిగి సైకిలును పెట్టెతో నెండలో నిలుపకుడు. వర్షకాలమున పెట్టెకు పైన ప్లాస్టికు తొడుగు వేసి, చేరిన వెంటనే దానిని తీసి ఆరనీయుడు. కెమేరాను చల్లని ఏ.సీ. గదినుండి తేమగాలిలోనికి తెచ్చినచో కటకముపై ఆవిరి పట్టును. కొంతసేపు సంచిలోనే యుంచి పిమ్మట తీయవలెను.

వస్తువుతోపాటు మోయువారి క్షేమమును గూడ చూచుకొనవలెను. చీరకుచ్చెళ్లు గాని, ఓణీకొంగు గాని గొలుసున చిక్కకుండ గొలుసుకు తొడుగు వేయింపుడు. తలకు హెల్మెటు ధరింపుడు. పెద్దచౌరస్తాలలో దిగి, సైకిలును నడిపించుకొని దాటుడు. అందు నామర్దా లేదు. వీణ, తంబుర వంటి పెద్దవానిని సైకిలుమీద తేవలదు. పనసకొయ్య కుండతో నాలుగడుగుల నిడుపున్న వీణ వీపున నిలువదు. దానికి ఆటోయే శరణ్యము. ఏది మోయదగినదో, ఏది తగదో యెరుగుటయే వివేకము.

ద్వారం వెంకటస్వామినాయుడుగారు విజయనగర సంగీతకళాశాలలో ఫిడేలు బోధించి, 1936లో దానికి అధ్యక్షులైరి. నేడు మన సికింద్రాబాదులోనే భక్త రామదాసు పేర ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల యున్నది. నేర్పువారు లేకపోలేదు, నేర్చుకొన గోరువారును లేకపోలేదు. నడుమనున్నది కొంత దారి, కొన్ని గతుకులు మాత్రమే. కావున సోదరీమణులారా, అటకమీది పెట్టెను నేడే దింపుడు. దుమ్ము దులిపి, మూత తెరచి, తంత్రులను పరీక్షింపుడు. సైకిలుకు గాలి కొట్టింపుడు. పాతచీరలు ప్రతి యింటను గలవు గదా!