కుతుబ్ తార చుట్టూ

మేం చాంద్ కోసం ఆకాశం చూస్తామని అందరికీ తెలుసు. చాంద్ లేని రాత్రుల కోసం కూడా ఎదురుచూస్తామంటే నమ్మరు. నక్షత్రాల గీతల్ని ఫోటో తీసే మా నలుగురికీ అమావాస్యే పండగ. ఇషా నమాజ్ అయ్యాక హైదరాబాద్ వెలుగులు దాటి అనంతగిరి గుట్టల వైపు పోతాం.

ఈ పనికి ఓపిక కావాలి, అంతే. కెమెరాని ట్రైపాడ్ మీద ఉత్తరానికి తిప్పి కూర్చోవాలి. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం మీదుంది కాబట్టి ధ్రువతార కూడా ఆకాశంలో దాదాపు అంతే ఎత్తు. ఒక్క తాడిచెట్టు అడ్డొచ్చినా కనిపించదు. రీలు రోజుల్లో షట్టర్ గంటలకొద్దీ తెరిచి ఉంచేవాళ్లం. ఇప్పుడు 30 సెకన్లకొకటి చొప్పున రెండు గంటల్లో 240 ఫోటోలు తీసి కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాం. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. ఆ రెండు గంటల్లో ఒక్కో తార 30 డిగ్రీల విల్లు గీస్తుంది.

ఒక రాత్రి దారిలో ఆపారు. ఎవరన్నది వదిలేద్దాం. ముందు పనేమిటని అడిగారు. పేర్లు చెప్పాక ప్రశ్నలు మారాయి. ట్రైపాడ్ సంచి రెండుసార్లు విప్పించారు. మాతో వచ్చిన హిందూ దోస్తు తన పేరు చెప్పాక పొమ్మన్నారు.

పేర్లే నేరమైతే ఆకాశాన్నీ ఆపాలి. మన రోహిణిని ప్రపంచం అల్డెబరాన్ అంటుంది. అది అరబ్బీ మాట, కృత్తికల వెంట నడిచేదని అర్థం. మన శ్రవణం వాళ్ల ఆల్టెయిర్, ఎగిరే గద్ద. సప్తర్షులు అరబ్బులకు బనాతున్నాష్: జనాజా వెనక నడిచే ఆడబిడ్డలు. గోండులకు అదే ముసలమ్మ మంచం, దాన్ని ఎత్తుకుపోవాలని చూసే ముగ్గురు దొంగలు. ఫోటోలో మాత్రం ఏడు గీతలే.

ఈ ఊరికి ఇది కొత్త పిచ్చీ కాదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇక్కడ వేధశాల పెట్టాడు. అదే నిజామియా అబ్జర్వేటరీ అయింది, 1919లో ఉస్మానియా యూనివర్సిటీ కిందికొచ్చింది. దేశదేశాల వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని గాజుపలకల మీద ఫోటోలు తీసినప్పుడు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ హైదరాబాద్ వంతుకొచ్చింది. లక్షల తారల స్థానాలు ఇక్కడ కొలిచారు. డైరెక్టర్‌గా భాస్కరన్ తర్వాత అక్బర్ అలీ వచ్చారు. నిజాం పేరెత్తితే రజాకార్లే గుర్తొస్తారు జనానికి. ఆ హింస నిజం, మేం దాచం. ఆ గాజుపలకలూ నిజమే కదా, వాటినెందుకు దాస్తారు?

కదలనిది కాబట్టి మీరు ధ్రువుడన్నారు, మేం కుతుబ్ తార అన్నాం. కెమెరా ముందు అదీ నిలవదు. అసలు ధ్రువానికి అర డిగ్రీ పైచిలుకు పక్కనుండటంతో చిన్న గీత గీస్తుంది. ఆ గీతని చూపించి మేం నవ్వుకుంటాం.

ఫజర్ వేళకు తూర్పు తెల్లబడి గీతలు పలచబడతాయి. సామాను సర్దుకుని అదే దారిన వెనక్కి వస్తాం. ట్రైపాడ్ సంచి జిప్పు మాత్రం తెరిచే ఉంచుతాం.